కంచం ముందుకొచ్చాకే మాత్ర

రెడ్‌హిల్స్, చెన్నై

అబ్బయ్యా,

మొన్న ఫోన్లో షుగర్ బయటపడిందని చెప్పావు. ఆ వెంటనే "ఎవరికీ చెప్పొద్దు మామా, ఓనరుకు తెలిస్తే బండి ఇంకొకడికిస్తాడు" అన్నావు. ఆ భయం నాకు తెలుసు. నేనూ నాలుగేళ్లు దాచాను. ఫోన్లో చెబితే టోల్‌గేట్ వచ్చిందని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా. బండి హాల్టింగ్‌లో ఉన్నప్పుడు చదువు.

ముందు మాత్ర సంగతి. ఒకసారి హార్బరుకు కంటైనర్ తీసుకెళ్తూ తిరువొత్తియూరు దగ్గర క్యూలో ఇరుక్కున్నాను. పొద్దున ఏడింటికి మాత్ర వేసుకున్నా. టిఫిన్‌కు దిగితే ఈలోగా క్యూ కదులుతుందేమోనని దిగలేదు. పదకొండున్నరకు ఒళ్లంతా చెమట, చేతులు వణుకు. ఎండ దెబ్బనుకున్నా. ముందు బండి రెండుగా కనిపించింది. వెనక లారీ క్లీనరు కుర్రాడు హారన్ కొట్టీ కొట్టీ, తిట్టడానికని వచ్చి, నా వాలకం చూసి టీ తెచ్చి నాలుగు చెంచాల చక్కెర కలిపి తాగించాడు. వాడి పేరు కూడా అడగలేదు. అదే నెల్లూరు దగ్గర వెంకటాచలం దాటాక హైవే మీద 60లో వెళ్తూ ఉన్నప్పుడు జరిగుంటే?

కొన్ని షుగర్ మాత్రలు, ఇన్సులిన్, తిండి పడకపోతే షుగర్‌ని మరీ కిందికి లాగేస్తాయి. కొన్ని అంతగా లాగవు. నీకు రాసింది ఏ రకమో డాక్టర్ని అడుగు. అడిగేటప్పుడు రాత్రిళ్లు లారీ నడుపుతానని చెప్పు. మనవాళ్లు చీటీ మీద వృత్తి "బిజినెస్" అని రాయించుకుంటారు, ఆయనకేం తెలుస్తుంది? నీ మాత్ర తిండికి ముందు వేసుకునేదే అయినా, కంచం ఎదురుగా వచ్చాకే నోట్లో వేసుకో. చక్కెర పొట్లం సీటు కింద కాదు, చెయ్యి చాపితే అందేలా డ్యాష్‌బోర్డులో పెట్టు. వణుకు మొదలైతే బండి పక్కకు తీసి, చక్కెర నోట్లో పోసుకుని, తర్వాత ఏదైనా తిను. కుదురుగా అనిపించినా ముప్పావు గంట స్టీరింగ్ ముట్టుకోకు. చెయ్యి ముందు కుదురుకుంటుంది, బుర్ర కాస్త ఆలస్యంగా కుదురుకుంటుంది.

కాళ్లు. షుగర్ ముదిరితే పాదాలకు స్పర్శ తగ్గుతుంది. పాత బండిలో ఇంజను వేడికి కాళ్ల కింద రేకు కాలిపోతుంది, మనమేమో చెప్పులు విప్పి తొక్కుతాం. నా ఎడమ మడమ బొబ్బ లేచి పుండైతే మీ అత్త చూసి చెప్పింది. బూట్లు వేసుకో, రాత్రి పడుకునే ముందు అరికాళ్లు చూసుకో. ఇప్పుడు 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీలకు క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి చేశారు. నీ బండి ఇంకా పదేళ్లు ఆ రేకుతోనే నడుస్తుంది.

బండి ఆపాల్సి వస్తుందని నీళ్లు మానొద్దు. కిడ్నీలో రాయి నొప్పి ఎలా ఉంటుందో టంగుటూరు టోల్ పక్కన మట్టిలో దొర్లి తెలుసుకున్నా.

నడుము గురించి ఒక్కటే. ఆరు గంటలు అదురుతూ కూర్చుని దిగీ దిగగానే పట్టా లాగడం, తాడు బిగించడం చెయ్యకు. పది నిమిషాలు నడిచి, ఆ తర్వాత వంగు. క్యాబిన్ నుంచి దూకడం పాతికేళ్ల కుర్రాళ్లకు వదిలెయ్.

ఇక నిద్ర. రాత్రి రెండు నుంచి ఐదు దాకా ఎంత మొనగాడికైనా కన్ను మూతపడుతుంది. నువ్వు విజయవాడ లోడులన్నీ ఆ వేళకే ఒంగోలు దాటేలా వేసుకుంటున్నావు. టీ పని చెయ్యడానికి అరగంట పడుతుంది. తాగి, బండి పక్కన పెట్టి, ఇరవై నిమిషాలు పడుకుని లే. గురక మధ్యలో ఊపిరి ఆగినట్టవుతోందని అమ్మాయి నాతో చెప్పింది. అది నవ్వుకునే విషయం కాదు, పగలు కూడా కునుకు పట్టేది అందుకే. డాక్టరుకు అదీ చెప్పు. జలుబు మాత్ర కూడా అడక్కుండా వేసుకోకు, కొన్నింటికి మత్తు వస్తుంది.

లైసెన్సు ఐదేళ్లకోసారి రెన్యువల్‌కు వస్తుంది, ఫారం 1ఏ, అంటే ఆరోగ్య సర్టిఫికెట్ మీద డాక్టర్ సంతకం కావాలి. నాకు ఒకసారి బీపీ పట్టీ కూడా కట్టకుండానే సంతకం పెట్టిచ్చారు, నేను సంబరపడ్డా. ఆ రోజు చూసుంటే నా కళ్లలో శుక్లం రెండేళ్ల ముందే దొరికేది. ఎదురు లైట్లకు చక్రాల్లా వెలుగు కనబడేది, అద్దం మురికి అనుకుని తుడుస్తూ కూర్చున్నా.

ఓనరు సంగతి. దాచి దాచి ఒకరోజు బండి పల్టీ కొట్టాక తెలియడం కంటే, ఇప్పుడే డబుల్ డ్రైవర్ కావాలని అడుగు. బత్తా సగమవుతుంది, నిజమే. ఇవ్వనంటే కలకత్తా లైను వదిలి, చెన్నై–నెల్లూరు పగటి ట్రిప్పులు చూసుకో. మాధవరంలో నాకు తెలిసిన ట్రాన్స్‌పోర్టు ఆఫీసు ఒకటుంది, నేను మాట్లాడతా.

వచ్చే సోమవారం ఇక్కడ అన్‌లోడు అన్నావుగా. మంగళవారం పొద్దున ఏమీ తినకుండా రా, ఆ పూట మాత్ర కూడా వేసుకోకుండా వెంట తెచ్చుకో. స్టాన్లీ ఆసుపత్రిలో ఓపీ క్యూలో నేను ముందే నిలబడి ఉంటా. రక్తం ఇచ్చేశాక తినడానికి మీ అత్త ఇడ్లీ కట్టిస్తానంది.

మీ మామ