గోల్ఫ్ మీద ఇష్టంతో మూడెకరాలు తాకట్టు పెట్టవచ్చా?

ప్రశ్న (ఉత్తరంలో కొంత భాగమే ఇక్కడ ఇస్తున్నాం): నా వయసు 37. మాది అనంతపురం దగ్గర పల్లె. నా చిన్నతనంలో నాన్న బెంగళూరులో ఒక గోల్ఫ్ కోర్సులో తోటమాలిగా పనిచేసేవారు. బడి లేని రోజుల్లో నేను పొదల్లోనూ కుంటల అంచునా పోయిన బంతులు వెతికి ఇచ్చేవాణ్ణి, కాస్త పెద్దయ్యాక క్యాడీగా ఆటగాళ్ల సంచులు మోశాను. ఆ ఇష్టంతోనే వ్యవసాయ డిప్లొమా చదివి, ఇప్పుడు బెంగళూరు శివార్లలోని ఒక కోర్సులో పచ్చిక బాధ్యతలు చూసే అసిస్టెంట్ సూపరింటెండెంట్‌గా ఉన్నాను. నెలకు చేతికి 68,000 రూపాయలు వస్తుంది. భార్య, తొమ్మిదేళ్ల కూతురు నాతో ఉంటారు, అమ్మానాన్నలు ఊళ్లో ఉంటారు. రెండు చోట్లా కలిపి ఖర్చు 46,000. బ్యాంకు డిపాజిట్ 9 లక్షలు, పీఎఫ్ 7 లక్షలు, నడుస్తున్న 5 లక్షల చీటీ ఒకటి ఉన్నాయి. హైవే పక్కన నాన్న పేరున ఉన్న మూడెకరాల్లో డ్రైవింగ్ రేంజ్ (డబ్బు కట్టి గోల్ఫ్ బంతులు కొట్టడం సాధన చేసే మైదానం) పెట్టాలన్నది నా చిరకాల కోరిక. మొత్తం 43 లక్షలు అవుతుంది. భూమి తాకట్టు మీద బ్యాంకు 25 లక్షలు ఇస్తామంటోంది, బయట రెండు రూపాయల వడ్డీకి 10 లక్షలు దొరుకుతాయి, మిగతా 8 లక్షలు నా డిపాజిట్ నుంచి తీస్తాను. పెనుకొండ వైపున్న కియా కార్ల కర్మాగారంలోని కొరియా అధికారులు తప్పకుండా వస్తారని నా మిత్రుడి భరోసా. ఉద్యోగం మానేసి దిగమంటారా?

జవాబు: ఉద్యోగం మానవద్దు. భూమి తాకట్టు పెట్టవద్దు. అయితే మీ ఉత్తరంలో డబ్బు సంపాదించి పెట్టగల సంగతి ఏదీ లేదని మాత్రం అనుకోవద్దు. అది మీరు అడిగిన ప్రశ్నలో లేదు, ఉత్తరం మధ్యలో మీరు యథాలాపంగా రాసిన రెండు వాక్యాల్లో ఉంది. దాని దగ్గరికి తరువాత వస్తాను. ముందుగా డ్రైవింగ్ రేంజ్ లెక్క చూద్దాం.

25 లక్షల రుణాన్ని 11 శాతం వడ్డీతో ఏడేళ్లలో తీర్చాలంటే నెల వాయిదా దాదాపు 42,800 రూపాయలు అవుతుంది. బయటి 10 లక్షలకు నూటికి రెండు రూపాయల చొప్పున నెలకు 20,000 వడ్డీ కట్టాలి. అది ఏడాదికి 24 శాతం వడ్డీ, పైగా ఎన్నేళ్లు కట్టినా అసలు అసలుగానే నిలిచి ఉంటుంది. ఇద్దరు పనివాళ్లకు 28,000, కరెంటు, బంతులు, మ్యాట్లు, కోత యంత్రం నిర్వహణకు 22,000 అని మీరే రాశారు. అన్నీ కలిపితే నెలకు 1,12,800. మీరు వదులుకునే జీతాన్ని కూడా చేర్చితే 1,80,800. యాభై బంతుల బకెట్టుకు మీరు అనుకున్నట్టే 250 రూపాయలు వసూలు చేసినా, నెలకు 26 రోజులు తెరిచి ఉంచితే, రోజుకు 28 బకెట్లు అమ్ముడుపోతే తప్ప ఇప్పుడు మీ ఇంటికి వస్తున్న డబ్బు రాదు. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురం ఎండకు ఉదయం తొమ్మిది దాటాక, సాయంత్రం అయిదులోపు మైదానంలో నిలబడి బంతులు కొట్టేవారు ఎందరుంటారో మీకు నాకంటే బాగా తెలుసు.

ఇక కొరియా అధికారుల మాట. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కర్మాగారం నుంచి 2019లో కార్లు రావడం మొదలయ్యాక ఆ ప్రాంతానికి కొరియా కుటుంబాలు వచ్చిన మాట, వారి దేశంలో గోల్ఫ్‌కు ఆదరణ ఎక్కువన్న మాట రెండూ నిజమే. కానీ పెనుకొండ నుంచి అనంతపురానికి ఉత్తరంగా సుమారు 70 కిలోమీటర్లు రావాలి, దక్షిణంగా బెంగళూరు విమానాశ్రయం వైపు మరికొంత దూరం వెళితే పద్ధెనిమిది హోళ్ల అసలైన కోర్సులే ఉన్నాయి. వారానికి ఒక్క రోజు సెలవు దొరికే మనిషి ఎటు వెళతాడో మీరే ఆలోచించండి. పైగా వారు బదిలీల మీద వచ్చి వెళ్లేవారు. మీ రుణం మాత్రం ఏడేళ్లు ఉంటుంది. ఈ వ్యాపారంలో మీ మిత్రుడు పెడుతున్నది భరోసా ఒక్కటే అన్న సంగతి కూడా గమనించాను.

స్థలం విషయం మీకు నేను చెప్పడం విడ్డూరమే గానీ, కోరిక బలంగా ఉన్నప్పుడు తెలిసిన కొలతలు కూడా కంటికి ఆనవు. ఎకరానికి 4,840 చదరపు గజాలు కనుక మూడెకరాలు 14,520 గజాలు. చక్కగా ఆడేవారి డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే గోల్ఫ్ కర్ర) దెబ్బకు బంతి 230 గజాలు దాటిపోతుంది కాబట్టి పొడవు 250 గజాలైనా ఉంచాలి. అప్పుడు మిగిలే వెడల్పు 58 గజాలు. కొత్తవారు కొట్టిన బంతి ఎంత వంకరగా పోతుందో పొదల్లో వెతికిన మీకు తెలియనిది కాదు. ఒక వైపు పొరుగువారి వేరుశనగ చేను, మరో వైపు 44వ నంబరు జాతీయ రహదారి. మీ అంచనాలో వల ఖర్చు మైదానం చివరకే రాసి ఉంది. రెండు పక్కలా ఎత్తైన స్తంభాలతో వల కట్టకుండా తెరిస్తే, ఒక్క కారు అద్దం పగిలినా, దేవుడి దయ వల్ల అద్దంతో పోయినా, ఆ భారం మీ మీదే పడుతుంది.

నీటి లెక్క ఇంకా కఠినమైనది. పచ్చిక ఎదుగుదలకు రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు చాలనుకున్నా మూడెకరాలకు దాదాపు 60,000 లీటర్లు కావాలి. ఎండాకాలంలో అంతకంటే ఎక్కువే తాగుతుంది. జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. మీ బోరు ఒకటిన్నర అంగుళం పోస్తుందని, మే నెలలో అంగుళం కంటే తగ్గిపోతుందని మీరే రాశారు.

తాకట్టు గురించి మరొక మాట. భూమి మీ నాన్నగారి స్వార్జితమా, పిత్రార్జితమా అన్నది మీరు రాయలేదు. పిత్రార్జితమైతే మీ చెల్లెలికి కూడా అందులో సమాన హక్కు ఉంటుంది. మన రాష్ట్రంలో 1986 నాటి సవరణ, దేశమంతటికీ 2005 నాటి సవరణ ఆడపిల్లలకు ఆ హక్కును ఇచ్చాయి. ఆమెను అడగకుండా పెట్టిన సంతకం రేపు వ్యాపారం బాగున్నా తగవు తెస్తుంది, బాగోకపోతే చెప్పనే అక్కర్లేదు.

ఇప్పుడు ముందు చెప్పిన ఆ రెండు వాక్యాల సంగతి. “నాన్న తెల్లవారకముందే పొడవాటి వెదురు గడతో గ్రీన్ మీది మంచు దులిపేవారు, తడి ఎక్కువసేపు నిలిస్తే బూజు తెగులు వస్తుందని నాకు ఎనిమిదేళ్లకే చెప్పారు” అని ఒకటి (గ్రీన్ అంటే బంతి పడాల్సిన గుంత చుట్టూ బాగా పొట్టిగా కోసి ఉంచే పచ్చిక). “మా గ్రీన్లను నేను మూడున్నర మిల్లీమీటర్ల ఎత్తున కోయిస్తాను, వేసవిలోనూ ఎండిపోనివ్వను” అని రెండోది. చిన్నప్పుడు గోల్ఫ్ పట్టుకున్న పిల్లలు చాలామంది ఆటను చూస్తారు. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన అలీ షేర్ వంటివారు క్యాడీలుగా మొదలై ఆటగాళ్లయ్యారు. మీరు చూసింది ఆట కింద ఉన్న నేలను. మీ పనితనం ఇరవై ఏళ్లుగా అక్కడే పెరిగింది, డబ్బు ఇచ్చేవారు కూడా దానికే ఇస్తారు. మీరు 43 లక్షలు పెట్టదలచిన చోట మాత్రం కావలసినది ఆటగాళ్లను రప్పించే నేర్పు, ధర పలికించే నేర్పు. అవి మీకు లేవని అనను, కానీ వాటిని ఇంతవరకు పరీక్షించుకోలేదు.

ఇష్టం వల్ల మీకు జరిగిన నష్టం కూడా ఒకటి కనిపిస్తోంది. నాలుగేళ్లుగా జీతం పెంచమని అడగలేదని, గల్ఫ్‌లోని ఒక కోర్సు నుంచి వచ్చిన పిలుపును నాన్న పనిచేసిన ఊరు వదలలేక కాదన్నానని రాశారు. కడప జిల్లా నుంచి ఏటా ఎందరో అప్పు చేసి మరీ కువైట్ వెళుతుంటే, మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చిన అవకాశాన్ని మీరు వదులుకున్నారు. దాన్ని తప్పుపట్టను. తొమ్మిదేళ్ల పిల్లను విడిచి వెళ్లకపోవడానికి ఇంకా ఎన్నో కారణాలు ఉండవచ్చు. కానీ మనసుకు నచ్చిన పని చేసేవారు జీతం అడగడానికి మొహమాటపడటం, ఆ పని దొరకడమే భాగ్యమన్నట్టు యజమానికి తగ్గింపు ఇవ్వడం నా దగ్గరికి వచ్చే టీచర్లలోనూ సంగీతం మాస్టార్లలోనూ కూడా చూస్తూనే ఉంటాను. జీతం 15 శాతం పెరిగితే నెలకు 10,200 వస్తుంది, దానికి ఎవరి భూమీ తాకట్టు పెట్టనక్కర్లేదు. నేల, నీరు, తెగుళ్ల విషయంలో మీరు కోర్సుకు మిగిల్చిన ఖర్చును ఒక కాగితం మీద రాసుకుని, వచ్చే బడ్జెట్‌కు ముందే సూపరింటెండెంట్‌తో మాట్లాడండి. ఆయన పదవీ విరమణ తరువాత ఆ స్థానం మీకు ఇస్తారా అన్నది కూడా అప్పుడే సూటిగా అడగండి.

సొంతంగా ఏదైనా మొదలుపెట్టాలన్న కోరిక మిగిలే ఉంటుంది కనుక, అర ఎకరంలో పచ్చిక నర్సరీ గురించి ఆలోచించమంటాను. గోల్ఫ్ కోర్సుల్లో పరిచే బెర్ముడా మన వినాయక చవితి గరిక జాతిదే. మేలైన సంకర రకాలకు మొలకెత్తే విత్తనం ఉండదు కాబట్టి తీగ ముక్కలు నాటి పెంచాలి. అందుకే అందరూ చేయలేరు, మీరు చేయగలరు. కొనేవారు గోల్ఫ్ కోర్సులే కానక్కర్లేదు. బెంగళూరు, హిందూపురం వైపు లేఅవుట్లు, విల్లాలు, బడి మైదానాలు, క్రికెట్ మైదానాలు అన్నిటికీ పచ్చిక కావాలి. అనంతపురంలోని ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) క్రికెట్ మైదానంలో 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు జరిగాయి. అటువంటి మైదానాన్ని పచ్చగా ఉంచడానికి ఎంత పని ఉంటుందో వేరే చెప్పాలా? అర ఎకరం అంటే 21,780 చదరపు అడుగులు. దారులు, పాడైనది పోగా 80 శాతం అమ్మగలిగి, ఖర్చులు పోను అడుగుకు 8 రూపాయలు మిగిలితే ఒక్కో కోతకు దాదాపు 1,39,000 వస్తుంది. ఇది నేను వేసుకున్న ఊహ లెక్క. అడుగు ధర ఎంత పలుకుతుందో మీరు పదిమంది ల్యాండ్‌స్కేప్ కాంట్రాక్టర్లను అడిగి సరిచూసుకోవాలి. నీరు రోజుకు 10,000 లీటర్ల చుట్టూ సరిపోతుంది. ఊళ్లో ఉన్న మీ నాన్నగారు మూడు దశాబ్దాలు పచ్చిక చూసిన మనిషి కాబట్టి పర్యవేక్షణకు వేరే జీతం అక్కర్లేదు, ఆయనకు ఇష్టమైతేనే సుమా. కౌలుకు ఇచ్చిన మిగతా రెండున్నర ఎకరాలను కదపవద్దు.

రెండు జాగ్రత్తలు. ఉద్యోగం చేస్తూ ఈ పని చేయడానికి యాజమాన్యం రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. నారు మీరు పనిచేసే కోర్సు నుంచి ఒక్క తీగ కూడా తేవద్దు, రసీదుతో కొనండి. కొన్ని రకాల మీద హక్కులు ఉంటాయి, అంతకంటే ముఖ్యంగా ఇరవై ఏళ్ల మీ పేరు దాని మీద ఆధారపడి ఉంది.

డబ్బు సర్దుబాటు ఇలా చేసుకోండి. 9 లక్షల డిపాజిట్‌లో 3 లక్షలు, అంటే ఆరు నెలల ఖర్చుకు పైచిలుకు, ఆపదకని విడిగా ఉంచండి. నర్సరీకి 2.5 లక్షలు మించకుండా కేటాయించండి. అది మొత్తం పోయినా ఇల్లు కదలని మొత్తం. మిగిలిన 3.5 లక్షలను నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్‌లోకి (యాభై పెద్ద కంపెనీల షేర్లలో పెట్టుబడి పెట్టే ఫండ్) ఏడాదిన్నరలో నెలనెలా మళ్లించండి, ఏడెనిమిదేళ్లు తాకనన్న నిశ్చయంతోనే. పీఎఫ్‌ను వ్యాపారానికి తీయవద్దు. చీటీని చివరి వరకు పాడకుండా ఉంచగలిగితే మంచిది. మీకున్న 5 లక్షల ఎండోమెంట్ పాలసీ మీ మీద నలుగురు ఆధారపడిన ఇంటికి ఏ మూలకూ చాలదు. కోటి రూపాయల టర్మ్ పాలసీని, కంపెనీ ఇచ్చేదానితో సంబంధం లేని కుటుంబ ఆరోగ్య బీమాను ఈ నెలలోనే తీసుకోండి.

అమ్మాయికి కూడా గోల్ఫ్ పట్టుకుందని, శిక్షణకు నెలకు 12,000 అడుగుతున్నారని రాశారు. బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచినప్పుడు ఆమె సంచి మోసింది తల్లి, అంతకుముందు రియోలో మోసింది తండ్రి. ఆ స్థాయికి వెళ్లాలంటే ఇల్లంతా ఆ పనికే అంకితం కావాలి. మీ అమ్మాయి ఇంకా ఆ దారిలో లేదు, ఆడుకుంటోంది. ఇప్పటికి నెలకు 4,000 దాటనివ్వకండి. పాత క్లబ్బులను, అంటే గోల్ఫ్ కర్రలను, పొట్టిగా కోయించి వాడవచ్చు. కోర్సు మూసి ఉండే సోమవారాల్లో సిబ్బంది పిల్లలను ఆడనిస్తారేమో అడగండి, మీ దగ్గర ఆమె నేర్చుకునేదానికి ఫీజు ఉండదు. ఆమెకు పదేళ్లు నిండితే సుకన్య సమృద్ధి ఖాతా తెరవడానికి వీలుండదు కనుక పుట్టినరోజుకు ముందే పోస్టాఫీసుకు వెళ్లండి. ప్రభుత్వం మూడు నెలలకొకసారి ప్రకటించే ఆ వడ్డీ 2024 జనవరిలో 8.2 శాతానికి చేరింది. ఏడాదికి లక్షన్నర వరకు, పదిహేనేళ్లపాటు కట్టవచ్చు. నెలకు 5,000తో మొదలుపెడితే చాలు. పద్ధెనిమిదేళ్లు వచ్చాక చదువుకు సగం వరకు తీసుకోవచ్చు.

బయటి 10 లక్షలకు మాట ఇచ్చి ఉంటే, నోటు రాయకముందే వద్దని చెప్పేయండి. వచ్చే మే నెలలో బోరు నీటిని డ్రమ్ము పెట్టి, నిమిషానికి ఎన్ని లీటర్లు పోస్తుందో వారం రోజులు వరుసగా కొలిపించండి. ఆ అంకెతో, కాంట్రాక్టర్లు చెప్పిన అడుగు ధరతో మళ్లీ రాస్తే, నర్సరీ అర ఎకరంలో వేయాలా పావు ఎకరంతో సరిపెట్టుకోవాలా అన్నది లెక్క వేసి చెబుతాను.