డంగుసున్నంతో (గానుగలో నూరిన సున్నం, ఇసుకతో) కట్టిన పాత ఇటుక గోడ పొడి రాలుతుంటే పైన సిమెంట్ పూయొచ్చా?

పూయకుర్రి. నల్గొండ పక్క ఊర్లల్ల తాతలనాటి ఇండ్లకు అందరు చేసే తప్పు ఇదే, మేస్త్రీ వచ్చి గోడంతా సిమెంట్ కొడితే గట్టిగైతది అంటడు, రెండు వానకాలాలు మంచిగనే కనబడ్తది గూడ. కానీ పాత ఇటుక మెత్తది, నేలల నుంచి తేమ గుంజుకుంటది, ఆ తేమ సున్నం సందులకెళ్ళి బయటికి పోవాలె, సిమెంట్ దాన్ని ఆపితే నీళ్ళు ఇటుకలకెళ్ళే పోతయి, దాంతోటి వచ్చిన ఉప్పు లోపల గడ్డకట్టి ఇటుక ముఖాన్నే పగలగొడ్తది. గోడ మీద కనబడే తెల్లపొడి ఆ ఉప్పే.

ముందు చూరు, నీళ్ళ గొట్టాలు బాగుచేయించుర్రి, రావిమొక్క ఉంటే వేరుతో సహా తీయాలె. తర్వాత వదులైన సందులు చేతి ఉలితో ఒక 2 సెంటీమీటర్లు గీకి (గ్రైండర్ వద్దు, ఇటుక అంచులు పోతయి), సున్నం 1 పాలు, జల్లించిన ఇసుక 3 పాళ్ళు కలిపి నింపాలె. పాతకాలంల బెల్లం, కరక్కాయ నీళ్ళు కూడ పోసెటోళ్ళు. సున్నం గాలి పీల్చుకుంట మెల్లగ గట్టిపడ్తది, అందుకని వారం దాకా తడి గోనెసంచులు కప్పుర్రి, ఏప్రిల్, మే ఎండలల్ల అయితే ఈ పని అసలే పెట్టుకోకుర్రి, దసరా దాటినంక మంచిది. రంగుకు ప్లాస్టిక్ పెయింట్ కాదు, సున్నమే.