‘మేం అనువదించామంతే’ అంటే కోర్టు ఒప్పుకుంటుందా?

ప్రశ్న: మేం నలుగురం మిత్రులం. అరబ్బీ, ఫార్సీ పత్రికలు, టీవీ చర్చలు రోజూ చూసి, ముఖ్యమైనవి అనువదించి, విదేశాంగ విధానం మీద పనిచేసే పరిశోధకులకూ విలేకరులకూ కొందరు చట్టసభ సభ్యులకూ వారానికొకసారి ఈమెయిల్‌లో పంపుతాం. అక్కడివాళ్లు తమలో తాము ఏం మాట్లాడుకుంటున్నారో తెలియకుండా ఇక్కడ విధానాల గురించి చర్చించడం ఎందుకని మొదలుపెట్టాం. లాభం ఏమీ లేదు. ఇప్పుడు రెండు గొడవలు వచ్చాయి. మా సంపాదకీయాలను అనుమతి లేకుండా అనువదించి పంచుతున్నారని ఒక విదేశీ పత్రిక నోటీసు పంపింది. తన మాటలను వక్రీకరించామనీ, పరువు నష్టం దావా వేస్తాననీ ఒక టీవీ వ్యాఖ్యాత రాశాడు. మేం సొంతంగా ఒక్క ముక్క రాయలేదు, అనువదించామంతే. అయినా మా తప్పు ఉంటుందా? చాలా టెన్షన్‌గా ఉంది.
– పేరు వద్దన్న ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది ఒక్క మాట దగ్గర, ‘అనువదించామంతే’. రెండు గొడవల్లోనూ మిమ్మల్ని ఇరుకున పెట్టేది ఆ ‘అంతే’. కాపీరైట్ చట్టం దృష్టిలో అనువదించడమే ఒక హక్కు, అది మూల రచయితది. ఇక పరువు నష్టం విషయానికొస్తే, ఒకరన్న మాటను ఇంకో భాషలో పదిమందికి చేరవేస్తే దాన్ని మీరు కూడా ప్రచురించినట్టే. కాబట్టి వకీలు చేత జవాబు రాయించేటప్పుడు ఆ మాట మాత్రం రాయించకండి.

అలాగని మీరు చేస్తున్నది తప్పుడు పనేమీ కాదు. బీబీసీ 1939లోనే విదేశీ రేడియోలు విని అనువదించే విభాగం పెట్టింది. అమెరికా ప్రభుత్వం 1941లో అలాంటిదే మొదలుపెట్టింది. బహిరంగంగా ప్రసారమైనదాన్ని వినడం, అచ్చయినదాన్ని చదవడం గూఢచర్యం కిందకు రాదు. చిక్కు వినడంలో లేదు, పంచడంలో ఉంది.

ముందు పత్రిక నోటీసు సంగతి. విదేశీ పత్రిక కదా, ఇక్కడ దానికి హక్కేమిటని అనుకోవద్దు. కాపీరైట్ మీద దేశాల మధ్య కుదిరిన బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాలు ఒకదాని రచనలను ఇంకొకటి తన సొంత రచనల్లాగే కాపాడాలి. మన దేశం అందులో 1928 నుంచీ ఉంది. ఆ ఒప్పందం 8వ అధికరణం అనువాద హక్కును రచయితకే ఇచ్చింది. మన 1957 కాపీరైట్ చట్టం 14వ సెక్షన్ చెప్పేదీ అదే.

అయితే అదే ఒప్పందం 2వ అధికరణం చివర ఇంకో మాట ఉంది: ఆనాటి వార్తలకూ, ఉత్త సమాచారంగా ఉండే విషయాలకూ రక్షణ లేదు. ఫలానా మంత్రి రాజీనామా చేశాడు, ఫలానా ఓడరేవు మూసేశారు అన్న సంగతులు ఎవరి సొత్తూ కావు. ఆ సంగతిని విలేకరి ఏ మాటల్లో చెప్పాడో, ఏ వరసలో పేర్చాడో, ఏ వ్యాఖ్య జోడించాడో అది అతనిది. మీరు పంపే సంచికలో మొదటి రకం ఎంత, రెండో రకం ఎంత? ఉత్తరంలో ‘సంపాదకీయాలు’ అన్నారు గనుక అడుగుతున్నాను. సంపాదకీయంలో వార్త పిసరంతే ఉంటుంది, మిగతాదంతా రచనే.

ఇక్కడ మీకు పనికొచ్చేది మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్. పరిశోధనకో, విమర్శకో, వర్తమాన వ్యవహారాలు తెలియజేయడానికో ఒక రచనను న్యాయంగా వాడుకుంటే అది ఉల్లంఘన కాదు. ఇది మూల భాషలో వాడుకునేవాళ్లకే వర్తిస్తుందని చాలామంది పొరబడతారు. ఆ సెక్షన్ రెండో ఉపసెక్షన్ ఎవరూ చదవరు. ఈ మినహాయింపులన్నీ అనువాదానికి కూడా వర్తిస్తాయని అది స్పష్టంగా చెబుతుంది. మీ జవాబు నిలబడాల్సింది దాని మీద. బెర్న్ ఒప్పందం 10వ అధికరణం కూడా పత్రికల నుంచి సంగ్రహంగా ఉటంకించడాన్ని ఒప్పుకుంటుంది. కాకపోతే అవసరమైనంతే తీసుకోవాలి, మూలం పేరూ రచయిత పేరూ చెప్పాలి.

‘న్యాయంగా’ అంటే ఎంత? ఇన్ని వాక్యాలని చట్టం లెక్క కట్టలేదు, కోర్టులూ కట్టవు. కానీ మీ పనికి దగ్గరగా ఉన్న కేసులు విదేశాల్లో నడిచాయి. అవి ఇక్కడి కోర్టులకు శిరోధార్యం కాకపోయినా, జడ్జి ఆలోచన ఎటు పోతుందో చూపిస్తాయి.

వాటిలో మీ కథలాగే ఉన్నది నిక్కేయి పత్రికది. జపాన్ వాణిజ్య వార్తలను ఇంగ్లిష్‌లో ‘సారాంశాలు’గా అమ్మే కామ్‌లైన్ అనే సంస్థ మీద నిక్కేయి అమెరికాలో దావా వేసింది. 1999లో తీర్పు వచ్చింది. పేరుకు సారాంశాలే గానీ చాలావరకు వాక్యం వెంట వాక్యం అనువాదాలేనని అప్పీలు కోర్టు తేల్చింది. సంగతులను మాత్రమే తీసుకుని సొంతంగా కూర్చిన ఒకటి రెండింటిని వదిలేసి, మిగతావి ఉల్లంఘనే అంది. మీ సంచికలను ముందేసుకుని ఈ తేడా చూడండి. మూలాన్ని వాటి పక్కనే పెట్టి చూస్తే, పేరాకు పేరా సరిపోతోందా? అయితే మీరు దానికి సారాంశమని పేరు పెట్టినా లాభం లేదు.

వార్తల నుంచి ముక్కలు ఏరి చందాదారులకు పంపే మెల్ట్‌వాటర్ మీద అసోసియేటెడ్ ప్రెస్ వేసిన కేసులో 2013లో న్యూయార్క్ కోర్టు మెల్ట్‌వాటర్‌కు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. ఆ సంస్థ పంపింది శీర్షిక, మొదటి వాక్యాలు, ఇంకో చిన్న ముక్క మాత్రమే. అయినా ఎందుకు ఓడింది? ముక్క చదివినవాళ్లలో నూటికి ఒక్కరు కూడా అసలు వార్త తెరవడం లేదని లెక్కలు చూపించాయి. ముక్కే అసలుకు బదులైపోయింది. టీవీ విషయంలో 2018లో ఫాక్స్ న్యూస్ కేసు ఉంది. వందల చానళ్లను రికార్డు చేసి, పది నిమిషాల దాకా క్లిప్పులు చూడనిచ్చే టీవీఐస్ సంస్థ అక్కడ ఓడిపోయింది. యూరప్ ఇంకా గట్టిగా ఉంది. డెన్మార్క్ పత్రికలను గాలించే ఇన్ఫోపాక్ కేసులో యూరప్ కోర్టు 2009లో పదకొండు మాటల ముక్కకు కూడా కాపీరైట్ ఉండొచ్చంది. నాకైతే అది మరీ చాదస్తంగా అనిపిస్తుంది. కానీ మీ నోటీసు యూరప్‌లో పాఠకులున్న పత్రిక నుంచి వచ్చి ఉంటే దాన్ని మనసులో పెట్టుకోవాలి.

వీటన్నిటినీ కలిపి చూస్తే కోర్టు అడిగేది ఇదే: మీ పేజీ చదివాక మూలం చదవాల్సిన పని ఇంకా మిగిలి ఉందా? మీరు ఆ వ్యాసం గురించి మాట్లాడుతున్నారా, లేక దాని బదులు మాట్లాడుతున్నారా? ‘ఈ వారం మూడు పత్రికలు అణు చర్చల మీద స్వరం మార్చాయి, ఇదిగో మార్పు తెలిసే రెండు వాక్యాలు’ అని మీరు రాస్తే అది విశ్లేషణ. ఆ రెండు వాక్యాలు దానికి సాక్ష్యం. సంపాదకీయమంతా తర్జుమా చేసి పైన తేదీ వేస్తే మాత్రం, మీరు లాభం తీసుకోలేదన్నది సానుభూతి తెస్తుందే గానీ కేసు గెలిపించదు.

వర్తమాన రాజకీయ వ్యాసాలను పునర్ముద్రించుకోవచ్చని 52లోనే ఇంకో వీలుంది. కొందరు దాన్ని చూపిస్తారు. అది పత్రికలకు ఇచ్చింది, పైగా రచయిత హక్కులు తనకే అని ప్రకటించి ఉంటే వర్తించదు. ఈ రోజుల్లో ఏ పత్రిక చూసినా అడుగున ఆ ప్రకటన ఉంటుంది. మీ ఈమెయిల్ సంచిక ‘పత్రిక’ అవుతుందా అన్న వాదన వేరే. దాని మీద ఆశ పెట్టుకోకండి. 32వ సెక్షన్ కింద అనువాద లైసెన్సు తీసుకోవచ్చని ఎవరైనా సలహా ఇస్తే నవ్వి ఊరుకోండి. అది మూల రచన అచ్చయ్యాక ఏళ్లు గడిస్తే దొరికేది. వారపు సంచికకు అదేం పనికొస్తుంది?

కాబట్టి పూర్తి అనువాదాలను ప్రస్తుతానికి పంపడం ఆపండి. మీ దగ్గర పరిశోధన కోసం దాచుకోండి, అది వేరు. నోటీసుకు జవాబులో అన్నీ ఒప్పేసుకోకండి, అన్నీ కాదనకండి కూడా. ఏ తేదీ సంచికలో ఏ వ్యాసం అభ్యంతరమో చెప్పమనండి. ఉటంకింపులు 52 కిందకు వస్తాయని రాయండి. పూర్తి అనువాదాలకు అనుమతి ఇవ్వగలరా, ఏ షరతులతో ఇస్తారో అడగండి. కొన్ని పత్రికలు పేరూ లింకూ ఇస్తే ఒప్పుకోవచ్చు, తమ వాదన ఇంకో దేశపు చట్టసభ సభ్యుడి దాకా చేరడం వాటికీ ఇష్టమే. అలా కాకుండా ఆధారం లేని బెదిరింపులే వస్తుంటే, వాటిని ఆపమని మీరే కోర్టుకు వెళ్లే వీలు 60వ సెక్షన్ ఇస్తుంది. ఆ అస్త్రాన్ని ముందే బయటికి తీయొద్దు. పూర్తి అనువాదాలు పంపినవాళ్లు అవతలివాళ్ల బెదిరింపు ఆధారం లేనిదని వాదించడం కష్టం.

ఇక టీవీ వ్యాఖ్యాత. నాకు ఎక్కువ బెంగగా ఉన్నది ఇదే.

ఒక పాత ఉదాహరణ చెప్తాను. 2005 అక్టోబరులో ఇరాన్ అధ్యక్షుడు అహ్మదీనెజాద్ టెహ్రాన్ సభలో ఇజ్రాయెల్ గురించి ఒక మాట అన్నాడు. ‘పటం మీద నుంచి తుడిచేయాలి’ అన్నాడని ప్రపంచమంతా వార్త వచ్చింది. ఇరాన్ ప్రభుత్వ ప్రసార సంస్థ ఇంగ్లిష్ వార్తలోనే అలా ఉంది. ఫార్సీలో ఆయన వాడిన మాటలు ‘సఫేయె రూజ్‌గార్’, అంటే కాలపు పుట. అసలు ‘పటం’ అన్న మాటే లేదు. క్రియ కూడా ‘మహ్వ్ షవద్’. మన భాషలో ఈ తేడా చక్కగా తెలుస్తుంది: ‘చెరిగిపోవాలి’ అన్నాడు, ‘చెరిపేయాలి’ అనలేదు. పైగా ఇరాన్ విప్లవ నేత ఖొమైనీ మాటగా చెప్పాడు. విదేశీ మీడియాను అనువదించే వాషింగ్టన్ సంస్థ మెమ్రీ అప్పట్లో ‘చరిత్ర పుటల నుంచి’ అనే రాసింది. ఆయన ఉద్దేశం మంచిదని ఎవరూ అనలేదు. కానీ ఒకటి కోరిక, ఇంకొకటి బెదిరింపు అని ఏళ్ల తరబడి వాదన నడిచింది. ఒక క్రియకు ఒక విధానం మీద అంత బరువు.

మీ వ్యాఖ్యాత విషయంలో కోర్టు మొదట చూసేది ఇదే, అతను అన్నది ఏమిటి, మీరు అన్నాడన్నది ఏమిటి. సరిగ్గా అనువదించి ఉంటే అతని పరువు పోయింది అతని మాటల వల్ల, మీ వల్ల కాదు. అనని మాట అన్నాడని రాసి, దానివల్ల అతను నలుగురిలో చులకనైతే అది మీ ప్రకటన, మీ బాధ్యత. ఇక్కడ క్రిమినల్ కేసైతే భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద వస్తుంది. సివిల్ దావా విడిగా వేసుకోవచ్చు. ప్రజా ప్రయోజనం కోసం చెప్పిన నిజానికీ, ప్రజా వ్యవహారాల్లో ఉన్నవారి నడత మీద సద్భావంతో చేసిన వ్యాఖ్యకూ 356లో మినహాయింపులున్నాయి. అయితే ‘సద్భావం’ అన్న మాటకు చట్టంలో అర్థం మంచి మనసు కాదు. తగిన జాగ్రత్త, శ్రద్ధ లేకుండా చేసింది సద్భావంతో చేసినట్టు కాదని నిర్వచనం. అంటే మీరు ఎంత మంచివాళ్లన్నది కాదు, ఎంత సరిచూసుకున్నారన్నది ప్రశ్న.

అందుకే అడుగుతున్నాను. ఆ క్లిప్ ఎవరు అనువదించారు? ఇంకెవరైనా చూశారా? ముందూ వెనకా ఎంత కత్తిరించారు? వ్యంగ్యంగా అన్నదాన్ని నేరుగా తీసుకున్నారా? ‘వాళ్లేమంటారంటే’ అని అతను ఎదుటివారి వాదన చెబుతున్న చోట అతని వాదనగా చూపించారా? నేను చూసిన ఇలాంటి గొడవల్లో సగం ఈ చివరి పొరపాటు వల్ల వచ్చినవే. మిషన్ అనువాదం వాడి ఉంటే అదీ చెప్పండి, దాచకండి. తప్పు సాఫ్ట్‌వేర్‌దన్న సాకు నడవదు, పంపింది మీరు.

వక్రీకరణ అనే ఆరోపణలో ఇంకోటి కలిసి ఉంటుంది, ‘మావాళ్లలో రెచ్చగొట్టేవాళ్లనే ఏరి చూపిస్తారు’ అని. ఈ రంగంలో ఉన్న సంస్థలన్నీ పడే నింద ఇది. ఏరుకోవడం నేరం కాదు, ఏ సంపాదకుడైనా ఏరుకుంటాడు. కానీ కేసు వచ్చాక మీ పాత సంచికలన్నీ కోర్టు ముందు పెడతారు. యాభై రెండు వారాల్లో సంయమనంతో మాట్లాడే గొంతు ఒక్కటి కూడా లేకపోతే సద్భావం గురించి మీ వకీలు చెమటలు కక్కాల్సిందే. ఏ ప్రాతిపదికన ఎంచుతారో ప్రతి సంచిక పైనా రెండు వాక్యాలు రాయండి.

ఇప్పుడు వెంటనే చేయాల్సింది, ఆ కార్యక్రమం పూర్తి రికార్డింగు ఉందా చూడండి. లేకపోతే చానల్ వాళ్లు తీసేయకముందే భద్రపరచండి. ఎప్పుడు, ఏ పరికరంలో, ఎవరు దించారో రాసిపెట్టండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, అందులో ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే డిజిటల్ గుర్తు) కూడా రాయాలి. తర్వాత మీతో సంబంధం లేని ఒక ఫార్సీ లేదా అరబ్బీ పండితుడి చేత ఆ భాగాన్ని మళ్లీ అనువదింపజేయండి, మీది చూపించకుండా. రెండూ సరిపోతే జవాబు రెండు వాక్యాలే: మూలం ఇది, అనువాదం ఇది. తేడా వస్తే ఆ వారమే, అదే పాఠకులకు, అంతే స్పష్టంగా సవరణ పంపండి. సవరణ పంపితే తప్పు ఒప్పుకున్నట్టు అవుతుందని భయపడేవాళ్లున్నారు. నా అనుభవంలో పంపనివాళ్లే ఎక్కువ నష్టపోయారు.

ఒక చిన్న సంగతి మిగిలింది. ఆ పత్రికలకు చందా ఒకరి పేర కట్టి, పాస్‌వర్డు నలుగురూ వాడుతున్నారేమో చూడండి. కాపీరైట్ వాదన ఎలా ఉన్నా, చందా షరతులు మీరినట్టు అవతలివాళ్ల చేతికి ఇంకో అస్త్రం ఇచ్చినవాళ్లవుతారు. రెండు ఉత్తరాల్లోనూ జవాబుకు గడువు ఇచ్చే ఉంటారు, ఆ తేదీలు మీరు నాకు రాయలేదు. ముందు అవి చూసుకుని, రెంటికీ విడివిడిగా జవాబివ్వండి. ఒకే ఉత్తరంలో కలిపితే ఒకచోట ఒప్పుకున్నది ఇంకోచోట మీ మీదికి వస్తుంది.