వైరస్ కణానికి అతుక్కుంటే చాలు, లోపలికి వచ్చేసినట్టేనా?

మీరు అడిగినవి మూడు: వైరస్ మీద ముల్లులా ఉండే స్పైక్ ప్రోటీన్ మన కణం మీద అది పట్టుకునే ప్రోటీన్‌కి, అంటే రిసెప్టర్‌కి, అతుక్కోగానే వైరస్ లోపలికి వచ్చేస్తుందా, ఫ్లూకీ కోవిడ్‌కీ డెంగీకీ ఒకటే పద్ధతా, వ్యాక్సిన్‌లో ఉండే స్పైక్ కూడా మన కణాల్లో అదే పని చెయ్యదా అని. నేను హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో కొన్నేళ్లు ఈ ప్రోటీన్ల మీదే పనిచేశాను కాబట్టి, కళ్లారా చూసింది కూడా కలిపి చెబుతాను.

మొదటిదానికి జవాబు: రాదు. అతుక్కోవడం తేలికే, అసలు కష్టమంతా ఆ తర్వాతే. మీరు చెప్పిన మూడు వైరస్‌ల చుట్టూ కొవ్వు పొర ఉంటుంది, మన కణానికీ అలాంటి పొరే ఉంటుంది, ఆ రెండూ ఒకటైతే తప్ప వైరస్ జన్యుపదార్థం కణంలోకి దిగదు. కానీ ఏ పొరకైనా పైన నీటి అణువులు పట్టుకుని ఉంటాయి, వాటిని తోసేసి రెండు పొరల్నీ ఒకటి రెండు నానోమీటర్ల దగ్గరికి తేవాలంటే బోలెడు శక్తి కావాలి. వైరస్ సొంతంగా శక్తి తయారుచేసుకోలేదు. అందుకే ఆ శక్తి ముందుగానే ప్రోటీన్ ఆకారంలో దాచిపెట్టి ఉంటుంది, ఎక్కుపెట్టిన ఎలుకబోనులాగా. ఒక్కసారి పేలిందంటే మళ్లీ వెనక్కి రాదు.

ఇలా పొరల్ని కలిపే వాటిని ఫ్యూజన్ ప్రోటీన్లు అంటాం. ఫ్లూ వైరస్‌లో ఆ పని చేసే హీమాగ్లుటినిన్ మీద జరిగినంత పని ఇంకే ఫ్యూజన్ ప్రోటీన్ మీదా జరగలేదేమో. 1981లో విల్సన్, స్కెహెల్, వైలీ అనే శాస్త్రవేత్తలు దాని ఆకారం బయటపెట్టారు, ఆమ్లం తగిలాక అది ఎంతగా మారిపోతుందో 1994లో స్కెహెల్, వైలీల బృందమే చూపించింది. కణం వైరస్‌ని ఒక చిన్న సంచిలో, అంటే ఎండోసోమ్‌లో, లోపలికి లాక్కుంటుంది. ఆ సంచిలో ఆమ్లం పెరిగి పీహెచ్ 5 దాకా పడిపోగానే ప్రోటీన్ తలభాగాలు విడిపోతాయి, కాండంలో దాక్కున్న ఫ్యూజన్ పెప్టైడ్ అనే ముక్క సుమారు 10 నానోమీటర్లు పైకి ఎగిరి కణం పొరలో గుచ్చుకుంటుంది. ఇప్పుడు ప్రోటీన్‌కి ఒక కొస వైరస్ పొరలో ఉంది, రెండో కొస మన కణం పొరలో ఉంది. తర్వాత అది మధ్యలో మడతపడి రెండు కొసల్నీ ఒక్క చోటికి లాగుతుంది, వాటితో పాటు పొరలూ దగ్గరికి వస్తాయి. ఒక్కో పొరలో రెండు వరసలుంటాయి, ముందు బయటి వరసలు మాత్రమే కలుస్తాయి, ఆ తర్వాత లోపలి వరసలు కలిసి రంధ్రం తెరుచుకుంటుంది. ఒక్క ప్రోటీన్ వల్ల ఇదంతా కాదు, పక్కపక్కనున్న కొన్ని కలిసి లాగాలి.

ల్యాబ్‌లో దీన్ని అసలు వైరస్ లేకుండానే చూస్తాం. కణాల మీద హీమాగ్లుటినిన్ మాత్రం తయారయ్యేలా చేసి, ప్రోటీన్లని కోసే ట్రిప్సిన్ అనే ఎంజైమ్ వేసి, పీహెచ్ 5 ఉండే ద్రవం కాసేపు పోసి తీసేస్తాం, మళ్లీ కణాలు పెరిగే మామూలు ఎర్ర ద్రవం పోసి ఇంక్యుబేటర్‌లో పెడతాం. కొన్ని గంటల తర్వాత మైక్రోస్కోప్ కింద పెడితే కణాల మధ్య గీతలు మాయమైపోయి, ఒకే పెద్ద మడుగు మధ్యలో కేంద్రకాలన్నీ గుంపుగా కనిపిస్తాయి. పక్కనే ట్రిప్సిన్ వెయ్యని ప్లేటులో కణాలు దేనికవే విడివిడిగా ఉంటాయి, ఎంత ఆమ్లం పోసినా కలవవు. ఎందుకంటే ఆ ప్రోటీన్‌కి ముందు ఒక కోత పడాలి, కోత పడ్డాకే బోను ఎక్కుపెట్టినట్టు. అలాగే కణం దగ్గరికి చేరకముందే వైరస్‌కి ఆమ్లం తగిలితే బోను గాల్లోనే పేలిపోతుంది, ఆ వైరస్ ఇక పనికిరాదు.

కోవిడ్ స్పైక్‌కి కూడా ఈ కోతే ప్రాణం. మన కణాల మీద దాని రిసెప్టర్ అయిన ఏసీఈ2కి అతుక్కున్నాక ఊపిరితిత్తుల కణాల మీదుండే టీఎంపీఆర్ఎస్ఎస్2 అనే ఎంజైమ్ దాన్ని కోస్తుంది, అప్పుడు కణం పైపొర దగ్గరే పని అయిపోతుంది, ఆమ్లంతో అవసరమే లేదు. ఆ ఎంజైమ్ లేని కణాల్లో అయితే ఎండోసోమ్ దారే గతి. 2020లో హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మలేరియా మందు కోసం మందుల షాపుల మీద జనం ఎగబడ్డారు కదా, దాని కథ ఇక్కడే ఉంది. ఈ మందు ఎండోసోమ్‌లో ఆమ్లాన్ని తగ్గిస్తుంది, టీఎంపీఆర్ఎస్ఎస్2 లేని కోతి కిడ్నీ కణాల్లో వైరస్‌ని బాగానే ఆపింది, మనిషి ఊపిరితిత్తుల కణాల్లో మాత్రం ఆపలేకపోయింది. ఏ కణాల్లో పరీక్షించారన్నది అడగకుండా "ల్యాబ్‌లో పనిచేసింది" అన్న వార్త నమ్మితే ఎంత నష్టమో నాకు అప్పుడు బాగా అర్థమైంది.

ఇక డెంగీ, ప్రతి వానాకాలం మన హైదరాబాద్‌లో ఇంటింటికీ టెన్షన్ పెట్టేది. దాని ఫ్యూజన్ ప్రోటీన్ 'ఈ' (E) ఆకారం పూర్తిగా వేరు. స్పైక్‌లా నిలబడి ఉండదు, 180 ప్రోటీన్లు జంటలు జంటలుగా వైరస్ మీద పడుకుని ఉంటాయి. ఎండోసోమ్‌లో ఆమ్లం తగలగానే జంటలు విడిపోయి మూడేసి జట్టు కట్టి లేచి నిలబడతాయి, కొనలో ఉన్న ఫ్యూజన్ లూప్‌ని పొరలో గుచ్చుతాయి. అక్కడి నుంచి మడతపడి లాగడం మాత్రం ఫ్లూ లాగే. పోలియో, రోటా లాంటి వాటికి కొవ్వు పొరే లేదు కాబట్టి వాటి దారి వేరే.

మడత పడకుండా మధ్యలో అడ్డుకోవచ్చా అంటే, అడ్డుకోవచ్చు. హెచ్ఐవీకి 2003లో ఆమోదం పొందిన ఎన్‌ఫువిర్టైడ్ అదే చేస్తుంది. 36 అమైనో ఆమ్లాల ఆ ముక్క హెచ్ఐవీ ఫ్యూజన్ ప్రోటీన్ జీపీ41 సగం మడతలో ఉండగా మధ్యలో దూరి కూర్చుంటుంది, దాంతో మిగతా మడత పూర్తి కాదు.

మీ మూడో ప్రశ్నకి: ఫైజర్, మోడర్నా వ్యాక్సిన్లలో స్పైక్‌లో 986, 987 స్థానాల్లో ప్రోలీన్ అనే అమైనో ఆమ్లాలు రెండు పెట్టారు. అవి ఉన్న చోట ప్రోటీన్ నిటారుగా సాగలేదు, పేలకముందు ఆకారంలోనే బిగుసుకుపోతుంది. మన శరీరం ఆ ఆకారాన్నే గుర్తుపట్టాలి, ఎందుకంటే వైరస్ వచ్చేటప్పుడు ఆ ఆకారంలోనే వస్తుంది. ఇక మన హైదరాబాద్‌లోనే బయోలాజికల్ ఈ తయారుచేసిన కోర్బెవాక్స్‌లో అయితే రిసెప్టర్‌ని పట్టుకునే ముక్క ఒక్కటే ఉంది, పొరల్ని కలిపే భాగం అందులో అసలు లేనే లేదు.