కుట్ర సిద్ధాంతాలకు ప్రభుత్వ సంస్థలు ఎలా స్పందిస్తాయన్న అంశం మీద పీహెచ్‌డీ చేయవచ్చా? చేసినవారి అనుభవం ఎలా ఉంది?

చేయవచ్చు. నేను చేశాను, ఆరేళ్లు పట్టింది. అందులో మొదటి ఏడాది దండగైపోయింది కాబట్టి ముందు ఆ సంగతి చెప్తాను.

వాట్సాప్ ఫార్వర్డులు పోగెయ్యడమే పరిశోధన అనుకున్నాను. మా మేనమామ ఒక్కడే వారానికి యాభై పంపేవాడు, పాపం నాకు సాయం చేస్తున్నాననుకుని. రెండు వేల పైచిలుకు స్క్రీన్‌షాట్లతో రంగురంగుల ఎక్సెల్ షీటు తయారుచేసి గైడ్ మేడమ్ ముందు పెడితే, ఆవిడ అరగంట ఓపిగ్గా చూసి, "బాగుందమ్మా, ఇందులో ప్రభుత్వం ఎక్కడుంది?" అన్నారు. ఎక్కడా లేదు.

అప్పటినుంచి పుకార్లను వదిలేసి ఫైళ్ల వెంట పడ్డాను. ఒక ఆఫీసుకి పుకారు సంగతి ఎప్పుడు తెలిసింది, జవాబివ్వాలని ఎవరు అన్నారు, ఊరుకుందామని ఎవరు అన్నారు, చివరికి ఊళ్లోకి వెళ్లి చెప్పింది ఎవరు? నా థీసిస్ అంతా రెండు చోట్ల ఈ ప్రశ్నలకు దొరికిన జవాబులే.

మొదటిది గద్వాల. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయని తెలంగాణ అంతటా వీడియోలు తిరిగాయి. అందులో బాగా తిరిగినది నిజానికి పాకిస్తాన్‌లో పిల్లల భద్రత కోసం తీసిన ప్రకటన. చివర్లో ఉన్న సందేశాన్ని కత్తిరించేసి పంపారు. ఆ మే నెలలోనే హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఇదే అనుమానంతో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో ఐదుగురిని చంపారు. జోగులాంబ గద్వాల జిల్లాలో మాత్రం ప్రాణనష్టం జరగలేదు. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి గ్రామాలను కానిస్టేబుళ్లకు అప్పగించి ఉంచారు. అంత ఎండల్లోనూ జనం ఆరుబయట మంచాలు వేసుకోవడం లేదని వాళ్ల ద్వారానే పైకి తెలిసింది. తర్వాత డప్పులు, పాటలు, ఊరి వాట్సాప్ గ్రూపుల్లో కానిస్టేబుళ్లు.

నేను తర్వాత ఆ వైపు ఊళ్లలో తిరిగినప్పుడు ఒక పెద్దమ్మ వేరుశనగలు ఒలుస్తూ చెప్పింది: "ఫోన్ల వచ్చింది ఎవరు పంపిండ్రో ఏమెరుక బిడ్డా. గా పోలీసు పిల్లగాడు మా అరుగు మీద కూసొని చాయ్ తాగి చెప్పిండు. మొకం చూసినంక నమ్మబుద్ధయింది."

ఇది రాసుకుని, నమ్మకం ఉన్నచోట జవాబు పనిచేస్తుందని ఒక అధ్యాయం రాసేశాను. ఖమ్మం వెళ్లాక అది నిలబడలేదు.

2009లో అప్పటి ఉమ్మడి ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకాను ప్రయోగాత్మకంగా వేశారు. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు, వారిలో చాలామంది గిరిజన హాస్టళ్లలో ఉండేవాళ్లు. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇలాంటిదే జరిగింది. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపేసింది. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు విచారణ కమిటీకి కనబడలేదు. ఒకటి పాముకాటు, ఒకటి నీళ్లలో మునిగి, ఇలా. కానీ అదే విచారణలో సమ్మతి పత్రాలు తీసి చూస్తే 9,543 పత్రాల్లో 2,763 మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి. తల్లిదండ్రులను అడగలేదన్నమాట. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని గట్టిగానే దులిపేసింది.

ఆ మండలాల్లో నేను విన్న మాట "పిల్లలు పుట్టకుండా చేసే సూది". అది అబద్ధం. "మాకు చెప్పకుండా మా పిల్లల మీద చేశారు" అన్నదీ అదే నోటి నుంచి వచ్చింది, ఆ మాటను అబద్ధం అనలేం. అధికారులు మొదటిదానికి జవాబిస్తూ పోయారు, జనం అడుగుతున్నది రెండోదాని గురించి.

నాకు అప్పుడు తట్టింది ఇది. గద్వాలలో నిందితుడు ఎవరో ముక్కూమొహం తెలియని ముఠా, పోలీసు మధ్యవర్తి. కాబట్టి కొట్టిపారేయగలిగాడు. ఖమ్మంలో నింద సర్కారు మీదే. తన మీద వచ్చిన ఆరోపణను తానే "ఫేక్" అని ముద్ర కొడితే, ఆ ముద్రే అనుమానించేవాడికి కొత్త సాక్ష్యం. గద్వాలలోది పుకారు, ఖమ్మంలోది కుట్ర సిద్ధాంతం. మన వార్తల్లో రెండింటినీ ఒకే గాటన కట్టేస్తారు, నేనూ మూడేళ్లు అదే చేశాను. కేంద్రం గురించిన వార్తల్లో ఏది అబద్ధమో కేంద్రం విభాగమే తేల్చేలా 2023లో తెచ్చిన ఐటీ నిబంధనను బాంబే హైకోర్టు 2024 సెప్టెంబరులో కొట్టేసినప్పుడు, వైవా, అంటే థీసిస్ మీద మౌఖిక పరీక్ష, వారం ముందు ఆ తీర్పంతా కూర్చుని చదివాను. సగం టెన్షన్, సగం సంతోషం.

ఇక ఫీల్డ్ సంగతి. ఇంటర్వ్యూల మీదే ఆధారపడకండి. రికార్డర్ ఆన్‌లో ఉన్నంతసేపూ "అన్ని చర్యలూ తీసుకున్నాం" అంటారు, అసలు మాటలు కారిడార్‌లో టీ తాగుతూ వస్తాయి, అవి థీసిస్‌లో పెట్టుకోవడానికి పనికిరావు. సమాచార హక్కు దరఖాస్తులే నన్ను గట్టెక్కించాయి. మూకదాడుల నివారణకు ప్రతి జిల్లాలో ఆ బాధ్యత చూసే నోడల్ అధికారిని పెట్టాలని సుప్రీంకోర్టు 2018 జూలై 17న చెప్పింది కదా, దాని అమలు గురించి పలు జిల్లాలకు ఒకే దరఖాస్తు పంపాను. ఒకచోటి నుంచి నలభై పేజీల జిరాక్స్ కట్ట, ఇంకోచోటి నుంచి "నిల్" అని ఒక్క ముక్క. ఆ తేడాయే నాకు ఒక అధ్యాయం అయింది.

"మొత్తం వివరాలు ఇవ్వగలరు" అని మాత్రం రాయకండి, తిరస్కరించడానికి అదే సాకు. ఫలానా తేదీల మధ్య జారీ అయిన సర్క్యులర్ల నకళ్లు అని అడగండి. జిల్లా ఆఫీసుకి ఫీజు 10 రూపాయలు, మండలానికి 5, గ్రామ స్థాయిలో ఏమీ అక్కర్లేదు. పోస్టల్ ఆర్డర్లు ఒక ఇరవై ముందే కొని పెట్టుకోండి, మా పోస్టాఫీసులో అవి ఎప్పుడడిగినా "స్టాక్ లేదు" అనేవాళ్లు.