నైట్ షెల్టర్లలో నర్సుగా పనిచేస్తానంటోంది మా అమ్మాయి... జర్మనీ వదులుకోవాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ మూడో ఏడాది. కమ్యూనిటీ హెల్త్ పోస్టింగ్‌లో నిరాశ్రయుల నైట్ షెల్టర్‌కి తీసుకెళ్లారట. అప్పట్నుంచి చదువయ్యాక ఇదే పని చేస్తానంటోంది. జర్మనీలో నర్సు ఉద్యోగానికి పంపాలని మేం జర్మన్ క్లాసులకు ఫీజు కూడా కట్టేశాం. ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్లకి బీపీ చూడ్డానికి నాలుగేళ్ల డిగ్రీ దేనికి? రెండింటిలో ఏది మంచిదో పోల్చి చెప్పండి.
- ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: నర్సింగ్ చదివే పిల్లల తల్లిదండ్రులు ఇలాంటి ప్రశ్న తరచూ పంపుతుంటారు. పైకి అడిగేది జీతం గురించే. లోపల ఉండే భయాలు వేరు: జబ్బులు అంటుకుంటాయేమో, రాత్రిపూట ఏమన్నా జరుగుతుందేమో, రేపు సంబంధం వాళ్లు అడిగితే ఏం చెప్పుకోవాలో. వాటికీ జవాబు చెప్తాను. ముందు ‘బీపీ చూడ్డానికి డిగ్రీ దేనికి’ అన్న మాట సంగతి చూద్దాం.

ఇల్లూ వాకిలీ ఉన్న రోగి కోసం తయారైన కేస్ షీట్ షెల్టర్‌లో పనికిరాదు. అడ్రస్, ఆధార్, భర్త ఏం చేస్తాడు అంటూ మొదలుపెడితే కొందరు లేచి వెళ్లిపోతారు, కొందరు నోటికొచ్చిన పేరు చెప్తారు. పని తెలిసిన నర్సు రోగితో సమానమైన ఎత్తులో కూర్చుని, ఏ పేరుతో పిలవాలో అడిగి, ఇప్పుడు ఎక్కువ బాధపెడుతున్నదేంటో ముందు వింటుంది. ఇంటివాళ్ల సంగతి చివరికి ఉంచుతుంది. రోగి మూటను దూరంగా జరపదు, డబ్బూ మందులూ కాగితాలూ అన్నీ అందులోనే ఉంటాయి. అడగకుండా మొలతాడు, తాయెత్తు తెంపదు. ఎల్లమ్మ పేరున పెంచుకున్న జడలకు పేలున్నాయని కత్తెర పెడితే ఆ మనిషి మళ్లీ మీ ఛాయలకు రాదు. తెర కట్టకుండా ఆడవాళ్ల ఒంటి మీద గాయం చూడకూడదు. రంజాన్ నెలలో మందుల వేళలు సహరీ, ఇఫ్తార్ చూసుకుని అడగాలి.

ఇది మర్యాద ఒక్కటే కాదు, ప్రాణం సంగతి. షుగర్ రోగినే తీసుకోండి. ‘పరగడుపున పరీక్ష’ అంటే అర్థం లేదు, నిన్నట్నుంచి తినకపోయి ఉండొచ్చు. ‘చివరిసారి ఎప్పుడు తిన్నారు, రోజుకెన్ని పూటలు?’ అని అడగాలి. ఒక్క పూట తినే మనిషి గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుంటే రాత్రికి షుగర్ పడిపోతుంది. తూలుతూ, చెమటలు పడుతూ కనిపిస్తే చూసినవాళ్లు తాగి పడిపోయాడనుకుంటారు. గుండె జబ్బుకు ఫ్రూసెమైడ్ (మాటిమాటికీ మూత్రం వచ్చేలా చేసే మాత్ర) రాసిచ్చిన ఆడమనిషి మాత్ర ఎందుకు మానేసిందో చీటీలో ఉండదు. ఆమె పడుకునే చోట మరుగుదొడ్డి లేదు, అదీ కారణం. మొండితనమని రాసేస్తే తర్వాతి డాక్టర్ డోసు పెంచుతాడు. గజ్జికి పర్మెత్రిన్ 5 శాతం క్రీమ్ మెడ నుంచి పాదాల దాకా రాసి 8 నుంచి 14 గంటలు ఉంచాలి, వారం పది రోజులకు మళ్లీ రాయాలి. స్నానానికి నీళ్లు, మార్చుకోవడానికి బట్టలు ఎక్కడున్నాయో అడగకుండా ట్యూబు చేతిలో పెడితే డబ్బు దండగ.

తెలంగాణలో ఇంకో చిక్కుంది. ‘తాగుతారా?’ అంటే లేదంటారు. కల్లును చాలామంది తాగుడు కింద లెక్కేయరు మరి. ‘కల్లా, సారానా? ఆఖరున ఎప్పుడు తాగారు?’ అని విడిగా అడగాలి. కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, అల్ప్రాజోలామ్ లాంటి మత్తుమందులు కలుపుతారు. హఠాత్తుగా మానేస్తే రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, మతి చెదరడం మొదలవుతాయి. దాన్ని పిచ్చిగా చూసి పక్కన పెడితే ప్రాణం పోవచ్చు. తనలో తాను మాట్లాడుకునే మనిషి కనిపించినా ముందు షుగర్, జ్వరం, తల దెబ్బ చూడాలి. మానసిక జబ్బుతో తిరుగుతున్నట్టు అనిపిస్తే రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోగా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చే బాధ్యత 2017 మానసిక ఆరోగ్య చట్టం పోలీసుల మీద పెట్టింది. ఇవన్నీ నేర్చుకోవడానికి నాలుగేళ్లూ చాలవు.

ఇక జర్మనీ. దాని మీద నాకున్న అనుమానాలు దాచను. ఆరు నెలల్లో భాష వచ్చేస్తుందన్న ప్రకటనలు నమ్మొద్దు. జర్మన్ భాషలో బీ2 స్థాయి అంటే నొప్పి ఎలా ఉందో రోగి యాసలో చెప్తుంటే అర్థం చేసుకోగలగడం. అక్కడికి వెళ్లాక మన డిగ్రీకి గుర్తింపు రావాలి. తేడా ఉందంటే అదనపు శిక్షణో, పరీక్షో పూర్తిచేయాలి. అప్పటిదాకా సాధారణంగా సహాయకురాలి జీతమే. మధ్యలో మానేస్తే ఎంత కట్టాలన్నది ఒప్పందంలో చూడకుండా సంతకం పెట్టించకండి. విదేశీ ఉద్యోగం ఇప్పించే రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోదగిన గరిష్ఠ సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. లక్షలు అడిగితే లేచి వచ్చేయండి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సులకు జర్మన్ నేర్పి పంపుతోంది, ముందు అక్కడ కనుక్కోవాల్సింది.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. జర్మనీలో ముసలివాళ్లకు స్నానం చేయించడం, తినిపించడం, డైపర్ మార్చడం కూడా నర్సు పనే. అక్కడ చేస్తే ఊళ్లో గర్వంగా చెప్పుకుంటారు, సికింద్రాబాద్ స్టేషన్ బయట పుండు కడిగితే పరువు తక్కువంటారు. ఈ లెక్క మీ అమ్మాయికి నేర్పకండి. నర్సింగ్‌లో చేర్పించింది మీరే కదా.

ఈ నైపుణ్యం బయట వృథా పోదు. బ్రిటన్‌లో నిరాశ్రయుల వైద్యానికి ప్రత్యేక నర్సులున్నారు. ఇల్లు లేనివాళ్లొస్తే, వాళ్లు ఒప్పుకుంటే, స్థానిక సంస్థకు తెలపాలన్న బాధ్యత 2018 అక్టోబరు నుంచి ఇంగ్లండ్ ఆసుపత్రులపై ఉంది. అక్కడ నర్సుగా రిజిస్ట్రేషన్‌కు ఇచ్చే ఆస్కీ అనే ప్రాక్టికల్ పరీక్షలో పది స్టేషన్లలో (విడివిడి అంశాల్లో) ఒకటి రోగిని సమగ్రంగా అంచనా వేయడమే.

ఇక్కడ ఉద్యోగాలంటారా? బస్తీ దవాఖానాలు, పట్టణ ఆరోగ్య కేంద్రాలు, షెల్టర్లు నడిపే స్వచ్ఛంద సంస్థలు ఉన్నాయి. ఎక్కువ కాంట్రాక్టు పోస్టులే, జీతంలో జర్మనీతో పోటీ లేదు. ఎమ్మెస్సీ కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్ రెండేళ్లు చదివితే బోధన వైపు కూడా వెళ్లొచ్చు.

భయాల సంగతి. హెపటైటిస్-బి టీకా మూడు డోసులు (0, 1, 6 నెలలు) పూర్తయ్యాయా, చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు యాంటీబాడీ పరీక్ష చేయించిందా అని అడగండి. రెండు వారాలు దాటిన దగ్గున్న రోగి దగ్గర ఎన్95 మాస్కు పెట్టుకోవాలి. గజ్జి అనుమానముంటే గ్లౌజులు వేసుకోవాలి. షెల్టర్‌కి మనుషులు చేరేది చీకటి పడ్డాకే, కాబట్టి ఇద్దరు కలిసే వెళ్లాలి, తిరుగు ప్రయాణానికి బండి ఉండాలి. ఈ రెండూ లేని సంస్థలో చేరొద్దని మీరు గట్టిగా చెప్పొచ్చు, ఆ మాట వినాల్సిందే. సంబంధం వాళ్లకు ‘స్టాఫ్ నర్సు’ అని చెప్పండి. అందులో అబద్ధమేమీ లేదు. దానికి మొహం చిట్లించే ఇల్లు ఆమెకు వద్దు.

జర్మన్ క్లాసు మాన్పించకండి, కట్టిన ఫీజుకు ఏ2 స్థాయి దాకా పూర్తిచేయనివ్వండి. ఏది ఎంచుకుంటుందో నాలుగో ఏడాది ఇంటర్న్‌షిప్ అయ్యాక ఆమెనే చెప్పనివ్వండి. ఈలోగా హిందీ, హైదరాబాదీ ఉర్దూ బాగా పట్టుకోమనండి. షెల్టర్లలో మరాఠ్వాడా, కర్ణాటక, ఒడిశా నుంచి వచ్చినవాళ్లూ ఉంటారు, వాళ్లతో మాట కలిసేది ఎక్కువగా హిందీ, ఉర్దూల్లోనే.