ఫ్రిజ్ మీది ఉత్తరం: సీఆర్‌డీపీనా, సీఆర్‌ఎస్‌సీనా?

ప్రశ్న: మేం టెక్సాస్‌లో ఉంటామండి. మావారు అమెరికా ఆర్మీలో 22 ఏళ్ళు చేసి రిటైరయ్యారు, వీఏ (మాజీ సైనికుల శాఖ) ఇచ్చిన వైకల్యం రేటింగ్ 70 శాతం. పారాచూట్ దూకుళ్ళకి పోయిన నడుంకి 40, పేలుళ్ళకి దెబ్బతిన్న చెవులకి 20, ఇవి రెండూ కంబాట్ రిలేటెడ్ (యుద్ధం, దానికి సంబంధించిన డ్యూటీ వల్ల వచ్చినవి) అని ఈమధ్యే అప్రూవ్ చేశారు, మైగ్రేన్ 30 మాత్రం అందులోకి రాలేదు. ఇప్పుడు సీఆర్‌డీపీ (వీఏ వైకల్యానికి డబ్బిస్తోందని ఆర్మీ పెన్షన్‌లో కోసేసినది తిరిగిచ్చేది) వస్తోంది. దాని బదులు సీఆర్‌ఎస్‌సీకి (కంబాట్ రిలేటెడ్ వాటికి మాత్రమే ఇచ్చేది) మారతారా అని డీఫాస్ (సైనికుల జీతాలు, పెన్షన్లు చూసే ఆఫీసు) పంపిన ఉత్తరం తిరుపతి మాగ్నెట్ కింద పెట్టి రోజూ చూస్తున్నాం. టాక్స్ ఉండదు కదా, మారిపోదాం అంటారాయన. 60 శాతం వచ్చినట్టే కదండీ?

జవాబు: అక్కడే పొరబడ్డారమ్మా. వీఏ లెక్కలో 40, 20 కలిపితే 60 అవదు. ముందు 40 తీసేస్తే మిగిలేది 60, ఆ అరవైలో 20 శాతం అంటే 12, మొత్తం 52, దాన్ని 50కి సర్దేస్తారు. (ఈ లెక్క కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ!)

ఇక డబ్బు సంగతి. 2025 రేట్ల ప్రకారం 70 శాతానికి భార్యాభర్తలకి వీఏ ఇచ్చేది నెలకి సుమారు 1,900 డాలర్లు, సీఆర్‌డీపీ అయితే ఆ మేరకి కోసేసిన పెన్షన్ మొత్తం తిరిగొస్తుంది, కాకపోతే దానికి టాక్స్ ఉంది, మీరూ ఉద్యోగం చేస్తూ 22 శాతం స్లాబ్‌లో ఉన్నారనుకుంటే చేతికి 1,480 దాకా మిగులుతుంది. సీఆర్‌ఎస్‌సీకి టాక్స్ లేదు, కానీ కంబాట్ వాటా 50 శాతానికే ఇస్తారు కాబట్టి 1,200 దగ్గర ఆగిపోతుంది. నిజంగా 60 అయ్యుంటే 1,500 దాటేది, అప్పుడు మీవారి మాటే కరెక్ట్. టెక్సాస్‌లో స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ కూడా లేదు, ఆ బాధా లేదు.

రెండూ ఒకేసారి తీసుకోవడం కుదరదు. ఏటా జనవరిలో మాత్రం మార్చుకోవచ్చు, ఫారానికి గడువు 31. మారకపోతే ఏమీ పంపక్కర్లేదు. విడాకుల్లో సీఆర్‌డీపీని పంచుతారు, సీఆర్‌ఎస్‌సీని పంచరు, ఆ గొడవ మీకెందుకులెండి.

నన్నడిగితే ఈ ఏడు ఆ ఉత్తరాన్ని మాగ్నెట్ కిందే ఉండనివ్వండి. రేపు నడుం రేటింగ్ పెరిగితే మళ్ళీ లెక్కేద్దాం.